మెదడు కదలికను పట్టే తీరుకు గణిత నమూనా కట్టాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

విజయనగరంలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నానని, విజువల్ కార్టెక్స్ (మెదడులో చూపుని సంభాళించే భాగం) మీద ప్రాజెక్ట్ చేయాలని ఉన్నా బయాలజీ రాదని రాశారు. ఫోరియర్ విశ్లేషణ (సంకేతాన్ని తరంగాలుగా విడదీసే గణితం) వచ్చు కదా, ఇవాళే మొదలెట్టొచ్చు. న్యూరల్ నెట్‌వర్కుల జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. అవి జవాబిస్తాయి గానీ కారణం చెప్పవు.

నాకు దారి దొరికింది శ్రీకాకుళంలో నాగావళి వంతెన మీద. ఏరు నిండుగా ఉన్నప్పుడు ఫోన్‌ని కదలకుండా ఆనించి వీడియో తీశాను. ప్రతి ఫ్రేమ్‌లోనూ ప్రవాహం వెంబడి ఒకే పిక్సెల్ వరుస తీసుకుని, ఒకదాని కింద ఒకటి పేర్చాను. అడ్డంగా స్థలం, నిలువుగా కాలం. కదలని రాయి నిలువు గీతైంది, కొట్టుకుపోయే నురగ ఏటవాలు గీతైంది. ఆ వాలులోనే వేగం ఉంది! చిత్రంలో గీత ఎటు వాలిందో చూసే కణాలు పిల్లి విజువల్ కార్టెక్స్‌లో ఉన్నాయని హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు అప్పటికే చూపించారు. స్థల-కాల తలంలో కూడా వాలునే వెతికితే సరి అన్నది 1985లో ఎడెల్సన్, బెర్గెన్ ఇచ్చిన నమూనా.

ఒకే వాలున్న రెండు గేబర్ ఫిల్టర్లు (మధ్యలో బలంగా ఉండి అంచుల్లో సన్నగిల్లే తరంగం ముక్కలు) తీసుకోండి, దశలో 90 డిగ్రీల తేడాతో. ఒక్కటే వాడితే తెల్లచార వచ్చినప్పుడు ధనం, నల్లచార వచ్చినప్పుడు రుణం. నీరు ఒకే వేగంతో పోతున్నా ఫలితం ఊగుతుంది. రెండింటినీ వర్గం చేసి కూడితే, సైన్ వర్గం, కొసైన్ వర్గం కలిసి ఒకటైనట్టు, ఊగు పోయి నిలకడైన విలువ మిగులుతుంది. దాన్నే చలనశక్తి (motion energy) అనుకోండి, ఫిజిక్స్‌లో చెప్పే శక్తి కాదు. ఎంత అందమైన పనో కాగితం మీద ఒకసారి చేసి చూడండి.

వాలు తిరగేసిన ఇంకో జత ఫిల్టర్లు ఎదురు దిశ కదలికను పడతాయి. కుడివైపు శక్తిలోంచి ఎడమవైపుది తీసేస్తే దిశ తెలుస్తుంది. పారే నీటిని అర నిమిషం తదేకంగా చూసి ఒడ్డుకేసి చూస్తే, ఒడ్డు ఎగువకి జరుగుతున్నట్టుంటుంది. ఒకవైపు కణాల స్పందన తగ్గింది కాబట్టి తేడా రెండోవైపు మొగ్గుతుంది. మీ నమూనాలో ఒకవైపు గుణకం తగ్గించి కదలని బొమ్మ ఇవ్వండి, అదే వస్తుంది.

ఆ తర్వాతే ఒక్క పిక్సెల్ వరుస వదిలి రెండు కొలతల పూర్తి చిత్రానికి వెళ్లండి. చిన్న కిటికీలోంచి చూస్తే అంచుకి లంబంగా ఉన్న వేగమే తెలుస్తుంది. వాటన్నిటినీ కలిపి అసలు వేగం తేల్చే పని మెదడులో కదలికను చూసే ఎంటీ (MT) అనే ప్రాంతానిదని సిమోన్‌చెల్లి, హీగర్ 1998లో నమూనా ఇచ్చారు. మీ ప్రాజెక్టుకి అంతవరకూ చాలు.