చెక్కలో మిగల్చండి, కోన్‌లో కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం, తీగల మోత పెంచడానికి పెట్టెలో అల్యూమినియం గరాటు (కోన్) ఉండే రెజొనేటర్ గిటార్ సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లవే. వాటిలో నాలుగింటికి జవాబులివి.

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర. వీణలకు వాడే పనస దుంగ ఇంట్లో బాగా ఎండి ఉంది. దానితో గిటార్ పెట్టె చేస్తే నాదం బాగుంటుందా?

జవాబు: వీణకు బాగుంటుంది, దీనికి అక్కర్లేదండి. వీణలో తీగల కంపనాన్ని అందుకుని మోగేది కుండ మీది పలక. రెజొనేటర్ గిటార్‌లో ఆ పని అల్యూమినియం కోన్‌ది. బ్యాండు మోతలో గిటార్ వినబడటం లేదన్న బాధతోనే 1920ల్లో లాస్ ఏంజెలెస్‌లో జాన్ డోప్యెరా ఈ పద్ధతి పట్టుకున్నాడు. పెట్టె కోన్‌ను కదలకుండా పట్టి ఉంచితే చాలు.

అందుకే ప్లైవుడ్ మేలు. బర్చ్ గానీ మేపుల్ గానీ తీసుకోండి. పైపలకకు 6 మి.మీ., పక్కలకూ వెనక్కూ 3 నుంచి 4 మి.మీ. సరిపోతుంది. వానాకాలంలో పనస పలక అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా ఉబ్బదు. పైపలకలో కోన్ కూర్చునే గుండ్రటి గుంత కోలగా మారితే కోన్ ఒకచోట పట్టేసి మరోచోట వదులవుతుంది. ఆ దుంగను వీణ చేసేవారికే ఇవ్వండి, పుణ్యం.

ప్రశ్న: కోన్ ధర చూసి గుండె ఆగింది. స్టీలు గిన్నె మూతతో సరిపెట్టుకోవచ్చా? కొంటే ఏది కొనాలి?

జవాబు: మూత మోగుతుంది గానీ, స్టీలు బరువు వల్ల తీగ మీటిన తొలి దెబ్బ మొద్దుగా వస్తుంది. మూత మూతే. డబ్బు మిగల్చాలంటే కోన్‌ను పైనుంచి కప్పే కవర్ ప్లేటులో, మేకులలో, పాలిష్‌లో మిగల్చండి.

కొనేముందు రకం తేల్చుకోండి. బిస్కెట్ కోన్ 9.5 అంగుళాలు, కొన పైకి ఉంటుంది. దానిమీద గుండ్రటి మేపుల్ బిళ్ల, ఆ బిళ్లలో శాడిల్, అంటే తీగలు ఆనే చెక్క. గరుకైన బ్లూస్ నాదం కావాలనుకునేవారికి ఇది. స్పైడర్ కోన్ 10.5 అంగుళాలు, పళ్లెంలా లోపలికి దిగి ఉంటుంది. శాడిల్‌ను మోసే ఎనిమిది కాళ్ల అల్యూమినియం స్పైడర్ దాని అంచుమీద నిలబడుతుంది. నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, ఒడిలో పెట్టుకుని స్టీలు కడ్డీతో వాయించేవారు దీన్నే కోరుకుంటారు. మూడు చిన్న కోన్‌ల ట్రైకోన్ మొదటి గిటార్‌కు వద్దు, కొలతలు తప్పితే మూడుచోట్ల తప్పుతాయి.

కోన్ చేతికొచ్చాకే గుంత తొలవండి, కాగితం మీది కొలత నమ్మకండి. 10.5 అంగుళాలంటే సుమారు 267 మి.మీ. గుంత 270 ఉంచి, కోన్ కూర్చునే మెట్టును 6 మి.మీ. వెడల్పు వదిలితే లోపలి రంధ్రం 258 వస్తుంది. కోన్‌ను వేలితో తిప్పితే సులువుగా తిరగాలి. జిగురు మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

ఇంకొక్కటి. మామూలు గిటార్‌లో శాడిల్ ఉండే బ్రిడ్జిని కాస్త జరిపి అతికించుకోవచ్చు. ఇక్కడ గుంత తొలిచాక శాడిల్ చోటు రాతిమీద గీత. మెడ కొసన తీగలు ఆనే ముక్క నట్, అక్కడినుంచి శాడిల్ దాకా తీగ పొడవు స్కేలు. 635 మి.మీ. స్కేలుకు 12వ ఫ్రెట్ (మెడమీది అడ్డకమ్మి) నట్ నుంచి 317.5 మి.మీ. దగ్గర పడుతుంది, మెడ అక్కడే పెట్టెను కలిసేట్టయితే కోన్ నడిమధ్య పెట్టె అంచునుంచి మళ్లీ 317.5 దగ్గర ఉండాలి.

ప్రశ్న: స్పైడర్ కోన్ బిగించాను. మూడో తీగ మీటితే ఈగ ముసిరినట్టు చప్పుడు. కోన్ పాడైందా?

జవాబు: ముందు కవర్ ప్లేటును వేళ్లతో నొక్కి మీటండి. చప్పుడు ఆగితే తప్పు ప్లేటుదే, కింద సన్నటి ఫెల్టు పట్టీ చాలు. ఆగకపోతే తీగలు వదులు చేసి స్పైడర్ బయటకు తీయండి.

గాజుపలక మీద దాన్ని నిలబెట్టి, సిగరెట్ కాగితం ముక్కను ఒక్కో కాలి కింద దూర్చి లాగండి. ఏ కాలి కింద కాగితం జారి వచ్చేస్తే ఆ కాలు పొట్టిదన్నమాట. గాజు మీద 400 నంబరు ఎమరీ పేపరు పరిచి, స్పైడర్‌ను దానిమీద నిలువుగా ఉంచి, ఎనిమిది పాదాలూ ఒకే మట్టానికి వచ్చేదాకా మెల్లగా తిప్పుతూ అరగదీయండి. పొట్టి కాలిని సాగదీయడం కుదరదు, పొడుగువాటినే తగ్గించాలి.

తిరిగి బిగించేటప్పుడు తీగలు శ్రుతి చేశాకే, స్పైడర్‌ను కోన్‌కు కలిపే మధ్య స్క్రూ జోలికి వెళ్లండి. బిగువు తగిలిన చోటునుంచి పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. అంతకుమించితే నాదం గొంతు నొక్కినట్టవుతుంది. శాడిల్ చెక్కలు స్పైడర్ గాడిలో వదులుగా ఉన్నా ఇదే చప్పుడు వస్తుంది, అదీ చూడండి.

ప్రశ్న: మామూలు గిటార్ తీగలు వేయొచ్చా? మెడ గుండ్రంగా చేయాలా, చదరంగా చేయాలా?

జవాబు: ఒడిలో వాయించేట్టయితే చదరపు మెడే. శ్రుతి, లావాటి ఆరో తీగ నుంచి మొదలుపెట్టి, జి, బి, డి, జి, బి, డి. మామూలు గిటార్‌లో ఇ ఉండే ఆరో తీగ ఇక్కడ జి దాకా ఎక్కుతుంది, అదే తీగ వాడితే లాగుడు సుమారు 40 శాతం పెరుగుతుంది. సన్నటి మెడ వంగిపోతుంది. ఈ శ్రుతికే అమ్మే సెట్ అడగండి: 16, 18, 26, 36, 46, 56 (సన్నటి తీగ నుంచి, అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం). నట్ దగ్గర తీగలు మెడమీది పలక నుంచి 10, 11 మి.మీ. ఎత్తున ఉండాలి. కడ్డీ ఎప్పుడూ ఫ్రెట్‌ను తాకకూడదు కాబట్టి ఫ్రెట్‌లకు బదులు గీతలు గీసుకున్నా చాలు.