రంగుల ఆకుల దారిలో బైకు ప్రయాణం: ఒక్క రోజులో వద్దు

అమెరికాలో బోస్టన్ దగ్గర కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఆరుగురు మిత్రులు అక్టోబరులో బైకులు అద్దెకు తీసుకుని, పక్క రాష్ట్రమైన న్యూ హాంప్‌షైర్ కొండల్లో రంగు మారిన ఆకులు చూసి రాత్రికి ఇల్లు చేరాలనుకుంటున్నారు. శ్రీశైలం ఘాట్‌లో ఎన్నోసార్లు బండి నడిపాం కదా, ఇక్కడ కొత్తగా జాగ్రత్త పడాల్సింది ఏముంటుందని అడిగారు. తప్పకుండా వెళ్లండి. కానీ ఒక్క రోజులో వద్దు.

మీరు చూడబోయేది కాంకమాగస్ హైవే. లింకన్ నుంచి కాన్వే వరకు 34.5 మైళ్లు, అంటే సుమారు 55 కిలోమీటర్లు. దూరం తక్కువే. కానీ బోస్టన్ నుంచి లింకన్ చేరడానికే 130 మైళ్లు ఉంది. కాన్వే మీదుగా తిరిగి వస్తే మొత్తం 300 మైళ్లు దాటుతుంది. అక్టోబరు రెండో వారానికి అక్కడ సాయంత్రం ఆరు దాటగానే పొద్దు గుంకుతుంది. అలసిపోయిన వాళ్లు చీకట్లో కొండ దారిలో బండి నడపడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. మూస్ అనే భారీ దుప్పులు ఎక్కువగా మసక వెలుతురులో, రాత్రిపూట రోడ్డెక్కుతాయి. ఒళ్లు ముదురు రంగు, కాళ్లు పొడుగు. హెడ్‌లైట్ వెలుగులో వాటి కళ్లు మెరవకపోవచ్చు. కనిపించేసరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. అందుకే ఆ రాత్రి కాన్వే దగ్గరే ఉండండి. గదులు ఆగస్టులోనే చూసుకోవాలి. అక్టోబరు రెండో సోమవారం సెలవుతో కలిసి వచ్చే వారాంతంలో దారంతా కార్లతో నిండిపోతుంది. వీలైతే మంగళ, బుధవారాల్లో వెళ్లండి. సాధారణంగా సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు మధ్య వరకు అక్కడ రంగులు బాగుంటాయి. ఎత్తైన చోట్ల ముందు మారి, తర్వాత కిందికి దిగుతాయి. మనవాళ్లకు అది దసరా రోజుల్లో పడుతుంది. మన దగ్గర శిశిరంలో ఆకు ఎండి రాలుతుంది. ఇక్కడ షుగర్ మేపుల్ అనే చెట్టు ఆకు రాలే ముందు ఎర్రబారుతుంది. పగలు ఎండ కాసి, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఆ ఎరుపు మరింత చిక్కగా వస్తుంది.

లైసెన్సు సంగతి ముందే తేల్చుకోండి. ఇక్కడి కారు లైసెన్సుతో బైకు నడపకూడదు. దానికి 'ఎం' తరగతి వేరుగా ఉండాలి. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలో గుర్తింపు పొందిన ప్రాథమిక శిక్షణ పూర్తి చేస్తే రోడ్డు పరీక్ష ఉండదు. ఊళ్లో పదేళ్లు బండి నడిపిన వాళ్లు కూడా ఈ శిక్షణ తీసుకోవాలి. కుడివైపు నడపడం, మలుపులో చూపు ఎటు నిలపాలన్నది మళ్లీ నేర్చుకోవలసిందే. ఆరుగురిలో ఒక్కరికి లైసెన్సు రాకపోయినా, ఈ ఏడాదికి అతణ్ని వెనక కారులో రమ్మనండి. న్యూ హాంప్‌షైర్‌లో పెద్దలకు హెల్మెట్ తప్పనిసరి కాదు. చట్టం అడగకపోయినా మీరు తీయవద్దు.

గుంపుగా వెళ్లేటప్పుడు ఆరుగురూ బారులు తీరి ఒకరి పక్కన ఒకరు నడపకూడదు. ముందు వ్యక్తి లేనుకు ఎడమ వైపు, తర్వాతి వ్యక్తి కుడి వైపు, ఒక సెకను వెనక. నేరుగా ముందున్న బండికి రెండు సెకన్ల ఎడం ఉండాలి. మలుపుల్లో అందరూ ఒకే వరుసలోకి రావాలి. ముందున్న వ్యక్తి చూపుడు వేలు పైకెత్తితే దాని అర్థం అదే. బాగా అనుభవం ఉన్న ఇద్దరిలో ఒకరు ముందు, ఒకరు చివర ఉండండి. అందరికన్నా కొత్తవాణ్ని ముందు వ్యక్తి వెనకే పెట్టి, అతని వేగమే గుంపు వేగం చేసుకోండి. వెనకబడిన వాడు అందుకోవాలని పరుగెత్తడంతోనే ప్రమాదాలు వస్తాయి.

నా మొదటి ప్రయాణంలో చలిని లెక్క చేయలేదు. పలచని చేతి తొడుగులతో తెల్లవారే బయలుదేరాను. గంట తర్వాత వేళ్లు కొయ్యబారి క్లచ్ పట్టు చిక్కలేదు. ఆ తర్వాత ఒక మలుపులో, నీడలో తడిసిన ఆకులు దట్టంగా పరుచుకుని ఉన్నాయి. వెనక చక్రం జానెడు పక్కకు జారింది. బండి నిలబడింది గానీ, ఆగాక చూస్తే బూటు అడుగున ఎర్రటి మేపుల్ ఆకు ఒకటి అతుక్కుని ఉంది. తడి ఆకుల మీద బ్రేకు వేయకండి. మలుపు రాకముందే వేగం తగ్గించండి.

లింకన్‌లో ట్యాంకు నింపండి. కాన్వే దగ్గరికి చేరేదాకా పెట్రోలు దొరకదు. మధ్యాహ్నం లింకన్ నుంచి తూర్పుకు వెళ్తే ఎండ వీపు మీద పడుతుంది, కళ్లలో కొట్టదు. హాంకాక్, షుగర్ హిల్ దగ్గర ఆగి చూసే చోట్లున్నాయి. సబ్బడే జలపాతానికి కాస్త నడవాలి. మూడు చోట్లా ఆగండి. బండి కదులుతున్నప్పుడు చెట్ల వైపు చూడవద్దు. కాళ్లు నేల మీద ఆనాకే చూడండి. ఫోటోల కోసం రోడ్డు అంచున మాత్రం ఆపకండి.

దారిలో ఫోను సిగ్నల్ దాదాపు ఉండదు. లింకన్‌లోనే ఇంటికి చెప్పండి, కాన్వే చేరగానే మళ్లీ ఫోను చేయండి. అప్పటిదాకా మీ అమ్మగారు ఫోను పక్కనే కూర్చుని ఉంటారు.