కాగితం కొడుకు: ఒక యువ రచయితకు లేఖ

నాయనా,

నీ నవల రాతప్రతి అందింది. నాలుగు రోజుల్లో రెండుసార్లు చదివాను. ఇంకొకరి కొడుకునని కాగితం చూపి అమెరికా చేరిన 1922 నాటి చైనా కుర్రాడి గురించి తెలుగులో, అందులోనూ మగవాణ్ణి ప్రేమించిన కుర్రాడి గురించి రాస్తానంటే నీ చుట్టూ చాలామంది వద్దని ఉంటారు. నేను వద్దనను. పరాయి దేశం మనిషి గుండెలో దూరి రాసిన కథలు మనకి తక్కువ. కాకపోతే వాడి గుండెలో దూరినప్పుడు నీ కాలాన్ని కూడా వెంట తీసుకెళ్లావు. ఈ ఉత్తరం అందుకే.

మూడో అధ్యాయంలో దక్షిణ చైనాలోని తైషాన్ పల్లెలో చెరువు గట్టు మీద కూర్చుని నీ కుర్రాడు "నేనెవరో నాకు తెలిసిపోయింది" అంటాడు. తనకు తాను 'తోంగ్‌జీ' అని పేరు పెట్టుకుంటాడు. ఆ మాటకి కామ్రేడ్ అని అర్థం. 1922లో అది వింటే చైనా విప్లవ నాయకుడు సన్ యట్‌సెన్ పార్టీ కార్యకర్త గుర్తొస్తాడు. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు దాన్ని తమ పేరుగా చేసుకున్నది 1980ల చివర్లో, హాంకాంగ్‌లో. అంటే నీ కుర్రాడు బతికుంటే ముసలివాడయ్యాక వినాల్సిన మాట అది. నువ్వు కథనంలో వాడిన 'స్వలింగ సంపర్కుడు' కూడా తీసెయ్. అది మన కోర్టుల మాట, పేపర్ల మాట. ఒక్క మనిషి కూడా తన గుండె గురించి తాను అలా అనుకోడు.

మరి వాడి దగ్గర ఏ మాటలున్నాయి? 'తెగిన అంగీ చేయి' ఉంది. హాన్ వంశపు ఐ చక్రవర్తి అంగీ చేతి మీద తల పెట్టి ఆయన ప్రియుడు దోంగ్ షియాన్ నిద్రపోతుంటే, అతన్ని లేపడం ఇష్టం లేక చక్రవర్తి ఆ అంగీ చేతి గుడ్డను కోసేసి లేచాడంటారు. రెండు వేల ఏళ్ల నాటి కథ. బళ్లో నాలుగు పుస్తకాలు చదివినవాడి చెవిన పడి ఉండొచ్చు. కానీ అది చక్రవర్తి కథ. పొలం పని చేసే కుర్రాడు అందులో తనను చూసుకోగలడా? ఆ సందేహాన్నే రాయి. ఇంకొకటి, తైషాన్ ఉన్న గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రపు కాలవల మీద ఎర్ర పడవల్లో నాటక బృందాలు తిరిగేవి. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. మన స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే జనం ఎలా చూసేవారో మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. అలాంటి ఒక రాత్రి, అందరూ వేషాన్ని చూస్తుంటే వీడి చూపు తెర పక్కన రంగు తుడుచుకుంటున్న మనిషి మీద ఆగిపోతుంది. వాడికి ఏమీ 'తెలియక్కర్లేదు'. ఇంటికొచ్చి నిద్రపట్టకపోతే చాలు.

నా మొదటి నవలలో ఇదే తప్పు చేశాను. రంగూన్ వలస వెళ్లిన మన కూలీల కథ అది. 1930ల నాటి కూలీ నోట 'నా అస్తిత్వం' అనిపించాను. 1942లో బర్మా నుంచి నడిచి వచ్చిన ఒక పెద్దాయన అది చదివి, "అమ్మా, మేం ఆ మాట అనుకోలేదు. ఇంటికి డబ్బు చేరిందా లేదా, అదే అనుకునేవాళ్లం" అన్నారు. ఆయన కోప్పడలేదు. అందుకే నాకు ఇంకా బాధగా ఉంటుంది.

నీ కుర్రాణ్ణి నలిపేసేది "నాకు మగవాళ్లంటే ఇష్టం" అన్న ఆలోచన అని నువ్వు అనుకున్నావు. ఆ ఇంట్లో అంతకన్నా పెద్ద బరువు కొడుకు. పెద్దలకు చేసే అపచారాల్లో సంతానం లేకపోవడం అన్నిటికన్నా పెద్దదని చైనా ప్రాచీన తత్వవేత్త మెన్షియస్ చెప్పాడు. వాడు రహస్యంగా ఎవరిని ప్రేమించినా ఇల్లు ఒకవేళ చూసీ చూడనట్టు ఊరుకుంటుందేమో. పెళ్లి చేసుకోకపోతే, పూర్వీకుల ముందు అగరొత్తి వెలిగించే కొడుకుని ఇవ్వకపోతే మాత్రం ఊరుకోదు. కాబట్టి పెళ్లవుతుంది. ఆ తర్వాతే ఓడ ఎక్కుతాడు.

ఇక్కడే నీకు నిధి దొరికింది, నువ్వు తవ్వలేదు. తైషాన్ మగవాళ్లు పెళ్లాలను వదిలి 'బంగారు కొండ'కి, అంటే అమెరికాకి, వెళ్లి పదేళ్లు, ఇరవై ఏళ్లు రాకపోవడం అక్కడ మామూలు. అమెరికా 1882లోనే చైనా కూలీలను రానివ్వకుండా చట్టం చేసింది. భార్యను తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. మిగతావాళ్లకి కన్నీళ్లు తెప్పించే ఆ దూరం వీడికి ఊపిరి. ఇంటికి ఎందుకు రావు అని ఎవరూ గట్టిగా అడగరు. ఆ ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఊళ్లో ఉన్న ఆ అమ్మాయి గుర్తొస్తుంది. నీ నవల ఉండాల్సింది ఆ రెంటి మధ్య.

ఇంకా లోపలికి వెళ్దాం. 1906 భూకంపం, మంటల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జనన రికార్డులు కాలిపోయాయి. "నేను ఇక్కడే పుట్టాను" అని చాలామంది చైనావాళ్లు చెప్పుకుని పౌరులయ్యారు. పౌరుడి పిల్లలకు రావడానికి హక్కుంది. ఊరెళ్లి తిరిగి వచ్చినవాళ్లలో చాలామంది "నాకు కొడుకు పుట్టాడు" అని అధికారుల దగ్గర రాయించేవారు. పుట్టకపోయినా రాయించేవారు. ఆ ఖాళీని ఇంకో కుర్రాడికి అమ్మేవారు. మన పిల్లలు వీసా స్లాట్ అని టెన్షన్ పడుతుంటారే, అప్పుడు స్లాట్ అంటే ఒక కొడుకు పేరు. నీ కుర్రాడు అలా ఎవరికో కాగితం కొడుకై వచ్చాడు, అది రాశావు. మరి ఇరవై ఏళ్లలో వీడూ ఒకసారి ఊరెళ్లొచ్చి, పుట్టని కొడుకుని రాయించడా? ఇంటికి కొడుకుని ఇవ్వలేని మనిషి ప్రభుత్వ కాగితం మీద తండ్రవుతాడు. ఈ ఘట్టం నీ చేతిలో ఉండగా గోల్డెన్ గేట్ వంతెన మీద సూర్యాస్తమయం ఎందుకు?

శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో వచ్చినవాళ్లను ఆపి విచారించిన దీవి, ఏంజెల్ ఐలాండ్‌ను రెండు పేజీల్లో దాటేశావు. దానికి ముప్ఫై పేజీలు ఇవ్వు. ఓడలో బట్టీపట్టిన పుస్తకాన్ని రేవు రాకముందే సముద్రంలో పడేసేవారు. వైద్య పరీక్షలో అందరి ముందూ బట్టలు విప్పించేవారు. కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ఆ నిమిషం మిగతావాళ్లకి సిగ్గు, వీడికి భయం. తర్వాత విచారణ. మీ ఇంటికి మెట్లెన్ని? బియ్యం ఎక్కడ పెడతారు? వరసలో మూడో ఇల్లు ఎవరిది? కాగితం తండ్రి జవాబుతో తేడా వస్తే తిరుగు ఓడే. మిగతా కుర్రాళ్లు అబద్ధం చెప్పడం అక్కడ నేర్చుకుంటున్నారు. వీడికి ఎప్పటినుంచో అలవాటు. "పెళ్లంటే ఎందుకురా మొహం చాటేస్తావు" అని మేనత్త అడిగినప్పటినుంచి వాడు జవాబులు బట్టీపడుతూనే ఉన్నాడు. అందుకే వాడు ఆ పరీక్ష బాగా పాసవుతాడు. పాసయ్యాక ఏడుస్తాడు. ఎందుకో పక్క మంచం వాడికి అర్థం కాదు. ఆ చెక్క గోడల మీద ఖైదీలు కవితలు చెక్కారు. అధికారులు పుట్టీ కూరి రంగు వేయించారు. 1970లో ఒక పార్క్ రేంజర్ కంటపడేదాకా వాటిని ఎవరూ పట్టించుకోలేదు. నీ కుర్రాడు కూడా ఒకటి మొదలుపెట్టి, ఎవరి పేరు రాయాలో తెలియక ఆగిపోతాడేమో చూడు.

అమెరికా వాడికి స్వేచ్ఛ ఇచ్చిందని నవల ముగించావు. ఈనాటి శాన్‌ఫ్రాన్సిస్కో నీ కళ్లలో ఉంది. 1943లో చైనావాళ్ల మీద చట్టం రద్దయింది. అప్పుడు కూడా ఏడాదికి 105 మందికే చోటు. 1952లో వచ్చిన చట్టంలో 'సైకోపతిక్ పర్సనాలిటీ' అన్న మాట పెట్టి, వీడిలాంటివాళ్లను దేశం నుంచి పంపించేయడానికి వాడుకున్నారు. 1990 దాకా ఆ తలుపు మూసే ఉంది. 1956 నుంచి, కాగితం కొడుకులు నిజం ఒప్పుకోవాలని ప్రభుత్వం ఒక కార్యక్రమం నడిపింది. ఒకడు ఒప్పుకుంటే కాగితం మీది కుటుంబమంతా బయటపడుతుంది. అప్పటికి నీ కుర్రాడికి యాభై దాటాయి. రెండు రహస్యాలు, రెంటిలో ఏది బయటపడినా బతుకు పోతుంది. వాడు పక్క గదిలోని లాండ్రీ మనిషితో కలిసి రాత్రి అన్నం తింటాడు. వాళ్లిద్దరూ దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోరు. నువ్వు కూడా మాట్లాడించకు.

చివరి మాట, ఆ భార్య. మూడు వందల పేజీల్లో ఆమెకి పేరు కూడా పెట్టలేదు నువ్వు. తైషాన్‌కి డబ్బుతో కలిసి ఉత్తరాలు వచ్చేవి, వెండి ఉత్తరాలనేవారు. చదువు రాని ఆమె దాన్ని ఎవరిచేతో చదివించుకోవాలి. చదివే మనిషి ముందు మొహం ఎలా పెట్టుకుంటుంది? ఇరవై ఏళ్లలో ఆమె ఏం ఊహించింది, ఏం కనిపెట్టింది? ముందు ఆమెకో పేరు పెట్టి ఆ అధ్యాయం రాయి. రాశాక మిగతాది ముట్టుకోకుండా అదొక్కటే నాకు పంపు. టైపు చేయకపోయినా ఫర్వాలేదు, నీ దస్తూరీ నేను చదవగలను.

ఆశీస్సులతో,
అమ్మ