మదనపల్లె చెరువుల మీద ప్రాజెక్టు: అచ్చుకాని రిపోర్టులు ఎక్కడ వెతకాలి?

మదనపల్లె వైపు చెరువుల మీద పీజీ ప్రాజెక్టు చేస్తున్నానని, పుస్తకాల్లో ఏమీ దొరకడం లేదని అడిగారు. తిరుపతిలో ఎంఫిల్ చేసేటప్పుడు నేనూ ఇదే తిప్పలు పడ్డాను.

"చిత్తూరు జిల్లా చెరువులు" అని నెట్‌లో కొడితే వార్తలే వస్తాయి. అలా కాకుండా, ఈ లెక్క ఎవరు రాసి తీరాలి అని ఆలోచించండి. ఊరివారీ సాగునీటి వివరాలు జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి. బోర్ల సంగతి కేంద్ర భూగర్భ జల బోర్డు రిపోర్టుల్లో, వ్యవసాయ రుణాల అంచనాలు నాబార్డు జిల్లా ప్లాన్‌లలో దొరుకుతాయి. ఇవి నెట్‌లో ఉచితమే.

జిల్లా పేరు దగ్గర మాత్రం జాగ్రత్త. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. అంతకు ముందు మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. ఏ కాలానికి ఆ పేరుతో వెతక్కపోతే సగం కాగితాలు కంటపడవు. నాకు ఇది తెలిసేసరికి ఆరు నెలలు అయిపోయాయి.

నాకు బాగా పనికొచ్చినవి చెరువు మెమోయిర్లు. 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల మరమ్మతు పథకం మొదలుపెట్టినప్పుడు ఒక్కో చెరువుకూ కట్ట, తూము, కలుజు (మిగులు నీరు బయటికి పోయే దారి), ఆయకట్టు కొలతలు రాయించింది. ఆ కాగితాలే ఈ మెమోయిర్లు. ఒక ఆఫీసుకి వెళ్లి పాత రికార్డులు చూపించమంటే "అట్లాంటివేం లేవు సార్" అన్నారు. రెండుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. రిటైరైన వర్క్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన టీ తాగుతూ "రికార్డులని అడిగితే ఎవరికి తెలుస్తుంది నాయనా, మెమోయిర్ అని అడుగు" అన్నాడు. మూడోసారి అదే బీరువాలోంచి తీసిచ్చారు! అప్పటికీ ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. "సమాచారం కావాలి" అనకుండా ఫలానా చెరువు మెమోయిర్ నకలు కావాలని రాయండి.

థీసిస్‌లకి శోధ్‌గంగ (మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైటు) చూడండి. ముందు చివరి పేజీల్లోని ఆధారాల జాబితా చదవండి, మీకు కావలసిన రిపోర్టు పేర్లన్నీ అక్కడే ఉంటాయి. టైపు కొట్టిన పాత థీసిస్‌ల కోసమైతే ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి అడగాల్సిందే.

ఫోటో తీసేటప్పుడు స్టాంపు, తేదీ, ఫైలు నంబరు ఉన్న పేజీ కూడా తీసుకోండి. నేను లోపలి పేజీలే తీసుకుని వచ్చాను. "ఇది ఏ సంవత్సరానిది?" అని మా గైడ్ ఒక చాప్టర్ మొత్తం వెనక్కిచ్చేశారు.