ఉల్లిపొరకి పచ్చరంగు వెయ్యనివ్వకు

చిట్టీ,

తాంబరం స్కూల్లో చేరావనీ, సోమవారం తొమ్మిదో తరగతికి మొక్క కణం, జంతు కణం మైక్రోస్కోపులో చూపిస్తావనీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో ఇంకో సైన్స్ టీచరు! ఎంత సంతోషమేసిందో. రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

అక్కడ అద్దమున్న పాత మైక్రోస్కోపులేనట. అద్దాన్ని ఎండకేసి తిప్పనివ్వకు. ఆ వెలుగు కంట్లో పడితే రెటీనా కాలిపోతుంది, నొప్పి కూడా తెలియదు. ఆకాశం వెలుతురో, ట్యూబులైటో చాలు. పిల్లలు ముందుగా తిప్పేది ఆ అద్దాన్నే, నువ్వు పక్కనే నిలబడాలి. వినిపిస్తోందా?

కణాల కోసం బుగ్గలోపల రాసే పుల్ల ఎవరిది వాళ్లదే. మొన ఉన్నది వద్దు. వాడగానే బ్లీచింగ్ నీళ్లలో వేయించు.

ఉల్లిపొరకి అయోడిన్ రంగు, బుగ్గ కణాలకి మిథిలీన్ బ్లూ రంగు, పైన కప్పే పలచటి గాజు కవర్‌స్లిప్ వాలుగా దించడం నీకు తెలిసినవే. 40ఎక్స్ కటకం పెట్టాక ఫోకస్ తిప్పే పెద్ద మర ముట్టుకోనివ్వకు, స్లైడు పగులుతుంది.

అసలు భయం వేరే ఉంది. ఉల్లిపొర బొమ్మ గీయమంటే చాలామంది పచ్చచుక్కలు పెట్టేస్తారు. పుస్తకంలో మొక్క కణం బొమ్మలో హరితరేణువులు ఉన్నాయి మరి! ఉల్లిగడ్డ పొరలో అవి ఉండవు. నా క్లాసులో ఒకమ్మాయి చూసింది చూసినట్టే గీసింది: ఇటుకల్లా పేర్చిన కణాలు, గోడవారకి ఒత్తుకుపోయిన కేంద్రకం, మధ్యంతా ఖాళీ. ప్రాక్టికల్ పరీక్షకి వచ్చినాయన హరితరేణువులు లేవని మార్కులు కోసేశాడు. స్లైడు పెట్టాను, ఒక్కసారి చూడమన్నాను. చూడలేదు. "ఇకనుంచి పుస్తకంలో ఉన్నట్టే గీస్తాను మేడమ్" అంది ఆ పిల్ల. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. 1665లో రాబర్ట్ హుక్ బెండుముక్కలో చూసినవి ఖాళీ గదులే. కేంద్రకం కనబడలేదు, గీయలేదు. అయినా కణమన్న మాట ఆయన బొమ్మతోనే మొదలైంది కదా!

పచ్చదనం చూపాలంటే హైడ్రిల్లా అనే నీటిమొక్క తెప్పించు. కొళత్తూరు రంగుచేపల కొట్లలో అడిగిచూడు. ఆకు పలచన, కోయక్కర్లేదు, నీటిచుక్కలో పెట్టి కాసేపు దీపం కింద ఉంచు. హరితరేణువులు గోడవెంబడి వరసగా నడుస్తుంటే పిల్లలు కేకలేస్తారు. వెయ్యనీ.

"మొక్క కణానికి గోడ ఉందిగా, మళ్లీ త్వచం ఎందుకు టీచర్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. త్వచమంటే గోడ లోపలి పలచని పొర, గోడకి అతుక్కుని ఉంటుంది కాబట్టి కనబడదు. ఎర్ర ఉల్లి రేకకి బయటివైపు పొర తియ్యి. అయోడిన్ వద్దు, కణాలు చచ్చిపోతాయి. కవర్‌స్లిప్ అంచున చిక్కటి ఉప్పునీళ్ల చుక్క వేసి, అవతలినుంచి ఫిల్టర్ పేపరుతో లాగు. గులాబీరంగు ముద్ద గోడని వదిలి మెల్లగా ముడుచుకుపోతుంది, గోడ మాత్రం కదలదు. ఆ ముద్ద అంచే త్వచం. ఆ వెంటనే బుగ్గ కణం చూపించు. గోడ లేదు కాబట్టి ఏ రెండిటికీ ఒకే ఆకారం ఉండదు, అంచులు మడతపడి ఉంటాయి. తేడా వాళ్లనే చెప్పనీ, నువ్వు తొందరపడకు. నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా ఏదైనా కనబడితే అది గాలిబుడగ.

స్లైడ్లు చాలకపోతే నా బీరువాలో పెట్టె ఉంది, ఆదివారం నాన్నని పంపు. ల్యాబ్ సర్దుకుంటూ మధ్యాహ్నం అన్నం మానెయ్యకు, నీకా అలవాటుంది.

నీ పెద్దమ్మ