పాఠకుల ప్రశ్నలు: రెండో చరణంలో డోలక్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: బ్యాంకులో పనిచేస్తూ, ఆదివారాల్లో తెలుగు పాడ్‌కాస్ట్ నడుపుతున్నాను. మా పర్లాకిమిడిలోనే ఉంటూ, ఏ ఆడియో కంపెనీ అండా లేకుండా సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి, విడుదల చేస్తున్న ఒక యువకుడు నాతో మాట్లాడటానికి ఒప్పుకున్నాడు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివిన అతని పాటల్లో రెండు భాషలూ ఉంటాయి. ప్రశ్నలు ముందుగా పంపమంటున్నాడు. "నా తెలుగు బాగుండదు, వింటే నవ్వుతారేమో" అని కూడా అంటున్నాడు. ప్రశ్నలు పంపవచ్చునా? రికార్డింగుకు స్టూడియో తప్పనిసరా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ప్రశ్నలు పంపకండి, విషయాలు పంపండి. ఏయే పాటల గురించి మాట్లాడదలిచారో, డబ్బు సంగతి అడుగుతారో లేదో, ఇంటి విషయాలు వస్తాయో రావో, ఎంతసేపు కూర్చోవాలో ముందే తెలియజేస్తే అతని బెంగ చాలావరకు తీరుతుంది. ప్రశ్నలు అక్షరం పొల్లుపోకుండా పంపారంటే అతను జవాబులు రాసుకుని వస్తాడు, రాసుకున్నది అప్పజెప్పే గొంతును వినేవారు ఇట్టే పసిగడతారు.

ఆ విషయాలు మీకు తట్టాలంటే ముందుగా అతని పాటలన్నీ వినాలి, అదీ వంటింట్లో పని చేసుకుంటూ కాదు, కాగితం, కలం దగ్గర పెట్టుకుని. ఈ ఒక్క పని చేయకపోతే ఎంత మంచి మైకున్నా ప్రయోజనం లేదని నా గట్టి అభిప్రాయం. "సంగీతం మీద ఆసక్తి ఎలా కలిగింది?" అన్న ప్రశ్నకు ప్రతి గాయకుడి దగ్గరా అరిగిపోయిన జవాబొకటి సిద్ధంగా ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం నేనూ ఒక గాయకుణ్ణి అదే అడిగాను. అమ్మ పాడిన జోలపాట, బడిలో వచ్చిన బహుమతి అంటూ ఆయన చెప్పుకుపోతుంటే ఏం చేయాలో తోచక, "ఆ పాటలో రెండో చరణం మొదట్లోనే డోలక్ ఎందుకు ఆగిపోతుంది?" అన్నాను. ఆయన పకపకా నవ్వి, "డోలక్ వాయించే ఆయన ఆఖరి బస్సు అందుకోవాలని వెళ్ళిపోయాడండీ" అన్నారు. గంటల లెక్కన అద్దెకు తీసుకున్న స్టూడియో, మరో రోజుకు చాలని డబ్బు, డోలక్ లేకుండానే పాడేసిన చరణం, ఇంటికి వచ్చి వింటే ఆ వెలితే బాగుందనిపించి అలాగే ఉంచేయడం, ఇదంతా ఆ బస్సు వెనకాలే వచ్చింది. "స్వతంత్ర సంగీతంలో ఆర్థిక ఇబ్బందులేమిటి?" అని అడిగి ఉంటే ఇందులో ఒక్క ముక్కా నాకు దక్కేది కాదు.

గిటారో, హార్మోనియమో, అతను వాయించేది చేతికందేటట్టు ఉంచండి. "ఈ పల్లవికి మొదట కట్టిన బాణీ ఎలా ఉండేది, వాయించి చూపిస్తావా?" అని అడిగితే మాటల్లో చెప్పలేనిది వేళ్ళతో చెబుతాడు. శ్రుతి సరిచూసుకుంటున్న ఆ పది సెకన్లను ఎడిటింగులో కత్తిరించకండి.

ఇక భాష సంగతి. సవరల నోట విని సవర భాష నేర్చుకుని, వ్యావహారిక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన ఊరు మీది. ఆ ఊరి కుర్రవాడు "నా తెలుగు బాగుండదు" అనుకోవలసిన పని లేదు. (ఈ శీర్షిక భాష కొంచెం బిగువుగానే ఉంటుందని మీరు అనకముందే ఒప్పుకుంటున్నాను.) అతను ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడనివ్వండి, మీరూ అందులోనే అడగండి. మధ్యలో ఒడియా మాట దొర్లితే ఆపి అర్థం అడగవద్దు, అతను "నొయి" అన్నప్పుడు, "ఆ ఏటి ఒడ్డున, అంటే మహేంద్రతనయ దగ్గరేనా?" అని మీ తరవాతి ప్రశ్నలో అర్థం కలిపేస్తే శ్రీకాకుళంలో వినేవారికీ తెలుస్తుంది, అతని ధారా తెగదు. ఫలానా పాదం తెలుగులో కాక ఒడియాలోనే ఎందుకు వచ్చిందో మాత్రం తప్పక అడగండి. మరో ఊరి గాయకుడి దగ్గర ఆ ప్రశ్నకు చోటుండదు.

స్టూడియో అక్కరలేదు. మంచం, పరుపు, బట్టలు నిండిన బీరువా, మందపాటి తెర ఉన్న చిన్న గది ఖాళీ హాలు కన్నా ఎంతో నయం, ఎందుకంటే గచ్చుకీ గోడలకీ తగిలి తిరిగివచ్చే ధ్వనిని బట్టలు పీల్చుకుంటాయి. ఫ్యాను ఆపక తప్పదు కాబట్టి ఎండ ముదరకముందే కూర్చోండి. గుణుపూర్ రైలు కూత వేసే వేళ కూడా చూసుకోండి. ఇద్దరికీ చెరొక మైకు, నోటికి జానెడు దూరంలో కాస్త పక్కగా పెడితే ప, బ, భల దగ్గర ఊపిరి మైకును కొట్టదు. గిటారుకు వేరే మైకు ఉంటే దాన్ని నడిమి రంధ్రానికి ఎదురుగా కాక, మెడ గిటారు పెట్టెతో కలిసే చోట అడుగు దూరంలో ఉంచాలి. రంధ్రం ముందు పెడితే మంద్ర ధ్వనులు గుమ్మని మోగి మాటను మింగేస్తాయి. అన్నిటికన్నా గట్టిగా పాడే పాదాన్ని ముందే ఒకసారి పాడించి, స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా సరిచేసుకోండి. ఎంపీ3లో కాక వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. హెడ్‌ఫోన్ చివరిదాకా తీయవద్దు. అంతా అయ్యాక ఇద్దరూ 30 సెకన్లు మాట్లాడకుండా కూర్చుని గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటే, ఎడిటింగులో అతుకులు వినపడకుండా అదే కాపాడుతుంది.

ప్రశ్న: ఇంటర్వ్యూ మధ్యలో గాయకుడి పాటను 30 సెకన్ల లోపు వేసుకుంటే అనుమతి అక్కరలేదంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: కాదండీ. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో అటువంటి సెకన్ల లెక్క ఎక్కడా లేదు. విమర్శ, సమీక్షల కోసం న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది గానీ, ఎంత మేరకన్నది సందర్భాన్ని బట్టి తేలవలసిన విషయం. పైగా ఒకే పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగు అనే మూడింటికీ వేర్వేరు హక్కులుంటాయి. మీ గాయకుడు మూడూ తానే చేసుకుని ఎవరికీ రాసి ఇవ్వకపోతే అతని అనుమతి ఒక్కటే చాలు. స్నేహితుడు పాట రాశాడంటే ఆ స్నేహితుణ్ణీ అడగాలి. మీ ఎదుట పాడినదాన్ని రికార్డు చేసి వినిపించడానికి కూడా పాడినవారి సమ్మతి కావాలి. సినిమా పాట హమ్ చేస్తే సరదాగానే ఉంటుంది కానీ ఆ హక్కులు అతని చేతిలో ఉండవు. అనుమతిని పాటల పేర్లతో సహా ఈమెయిల్‌లో తీసుకోండి. పాటలను యాప్‌లకు చేరవేసే పంపిణీదారు ద్వారా పాటను యూట్యూబ్‌లో నమోదు చేయించి ఉంటే, గాయకుడు సరేనన్నా అక్కడి యంత్రం మీ వీడియోపై హక్కుల క్లెయిము వేయవచ్చు. దాన్ని ఎత్తివేయమని పంపిణీదారుకు రాయవలసింది అతనే.

ప్రశ్న: మా గాయని హైదరాబాదు వెళ్ళిపోయారు. ఫోనులో చేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: మాటలు ఫోనులో సాగించండి, రికార్డింగు మాత్రం ఎవరి చోట వారు చేసుకోండి. ఆవిడ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మరో ఫోనునో రికార్డరునో ఎదుట ఉంచుకుని తన గొంతు రికార్డు చేసి ఆ ఫైలు మీకు పంపాలి, వాట్సాప్‌లో ఆడియోగా కాక డాక్యుమెంటుగా. మొదట్లో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఆవిడ చేత ఒక్కసారి చప్పట్లు కొట్టించండి. ఆ చప్పుడు ఆవిడ ఫైలులోనూ, మీ ఫోను స్పీకరులోంచి మీ ఫైలులోనూ పడుతుంది కాబట్టి, రెండింటినీ అక్కడ కలపవచ్చు. ఆ తరవాత మీరూ ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. గంట దాటితే రెండు ఫైళ్ళూ కొద్దికొద్దిగా ఎడమవుతాయి, అందుకని చివర్లో మీ ఇయర్‌ఫోన్ తీసి, స్పీకరు పెట్టి మరొకసారి కొట్టించండి.