మొక్కల దగ్గరే కూర్చునే అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది డిగ్రీలో చేరాలి. మార్కులు బాగానే వస్తాయి. మొక్కలు వెలుతురును, స్పర్శను ఎలా పసిగడతాయో చదువుతానని, అందుకోసం బోటనీ తీసుకుంటానని పట్టుబట్టింది. ఏఐ, డ్రోన్లు, సెన్సర్లతో కొత్తగా వచ్చిన స్మార్ట్ అగ్రికల్చర్ కోర్సులో చేర్పిద్దామని నా ఆలోచన. అందులోనూ మొక్కలే కదా! తను ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడదు. సాయంత్రమైతే కిటికీ దగ్గర కుండీలతోనే కాలక్షేపం. పరీక్షల ముందు విసుగొచ్చి ఆ కుండీలు తీసి బయట పడేశాను. తన నోట్‌బుక్‌లో ఒక పేజీ ఫొటో పంపుతున్నాను. రెండు కోర్సులూ పోల్చి, ఏది మంచిదో చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: పోల్చి చెబుతాను. ముందు ఆ ఫొటో సంగతి మాట్లాడుకుందాం. మీ ఉత్తరం ఒకసారి చదివాను, ఆ పేజీ మాత్రం నాలుగుసార్లు చూశాను.

తొమ్మిది చిక్కుడు మొలకలు, వెలుతురు ఒక పక్క నుంచే పడేలా కన్నం పెట్టిన అట్టపెట్టె. ప్రతి మొలక కొనకూ అల్యూమినియం ఫాయిల్‌తో చిన్న టోపీ. కింద తన చేతిరాత: ‘3 టోపీలు జారిపోయాయి, లెక్కలోకి తీసుకోలేదు. మిగిలిన 6లో 4 వంగాయి. వంగకూడదు కదా?’ ఆ చివరి మాట కింద రెండు గీతలు.

మీరు విసుగొచ్చి బయట పడేసింది దీన్నండీ. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి గడ్డి జాతి మొలకల మీద చేసిందీ ఇదే. కొనకు టోపీ పెడితే మొలక వెలుతురు వైపు వంగలేదు. కొనను వదిలేసి కింది భాగాన్ని కప్పితే మామూలుగానే వంగింది. వెలుతురును పసిగట్టేది ఒకచోట, వంగేది మరోచోట అన్నమాట. మధ్యలో ఏదో కబురు పోతోందని వాళ్లకు అర్థమైంది. ఆ కబురు ఆక్సిన్ అనే హార్మోన్ అని తేలడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. నీడ పక్కకు ఆక్సిన్ ఎక్కువగా చేరుతుంది, అక్కడి కణాలు ఎక్కువగా సాగుతాయి, దాంతో మొలక వెలుతురు వైపు ఒరుగుతుంది.

మరి మీ అమ్మాయి మొలకలు టోపీ పెట్టినా ఎందుకు వంగాయి? ఆమె వాడింది చిక్కుడు కాబట్టి. ఈ రకం మొలకల్లో కాండం పైభాగం కూడా వెలుతురును పసిగడుతుంది, కొన ఒక్కటీ కప్పితే చాలదు. పుస్తకంలో ఉన్నదానికి తన కళ్లముందున్నది సరిపోలేదు. సరిపోయినట్టు రాసేసి ఊరుకోవచ్చు. పీజీ చదివే పిల్లలే కొందరు అలా రాసేస్తారు. మీ అమ్మాయి మాత్రం రెండు గీతలు గీసి వదిలింది.

మీ ఉత్తరంలో కోర్సుల గురించి చాలానే ఉంది కానీ, బరువంతా ‘ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడదు’ అన్న ఒక్క ముక్కలోనే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏళ్ల తరబడి వస్తున్నాయి. కోర్సు పేరు మారుతుంది, లోపలి భయం మారదు. పిల్ల తనలో తాను ముడుచుకుపోతోందేమో, రేపు నలుగురిలో నిలబడలేదేమో, ఉద్యోగం రాకపోతే ‘నువ్వెందుకు ఆపలేదు’ అని నన్నే నిలదీస్తుందేమో అన్న టెన్షన్ మీది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ టెన్షన్‌తో మీరు పిల్లను సరిగా చూడటం మానేశారు. మనుషుల నుంచి పారిపోవడానికి మొక్కల దగ్గర కూర్చునే పిల్ల, జారిపోయిన టోపీల లెక్క రాసిపెట్టుకోదు. ఆ రాత ఎవరో ఒకరు చదువుతారని, ప్రశ్న అడుగుతారని ఎదురుచూసే రాత. ‘ఈ నాలుగూ ఎందుకు వంగాయమ్మా?’ అని మీరు ఒక్కసారి అడిగి ఉంటే గంటసేపు మాట్లాడేది. అడగకుండా మాట్లాడదని నిందించడం న్యాయం కాదు.

ఇక మీకు నచ్చిన కోర్సు. నాకున్న అనుమానాలు దాచకుండా చెబుతాను.

కొన్నాళ్ల కిందట అలాంటి కోర్సు చదివిన ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. డ్రోన్ ఫొటోలు చూసి ఏ మొక్కకు నీళ్లు కావాలో చెప్పే ప్రోగ్రాం రాశాడు. ఆకు వాలితే నీళ్లు కావాలి, అదీ లెక్క. ఒక చేను మొత్తానికి ‘నీళ్లు కావాలి’ అని చూపించింది. తీరా వెళ్లి చూస్తే అక్కడ మడమ లోతు నీళ్లు నిలిచి ఉన్నాయట. నీళ్లలో మునిగిన వేళ్లకు ఆక్సిజన్ అందదు. అందకపోతే చుట్టూ నీళ్లున్నా పైకి పీల్చుకోలేవు, ఆకు వాలిపోతుంది. అలాంటి మొక్కకు ఇంకా నీళ్లు పెట్టమని అతని ప్రోగ్రాం చెబుతోంది. కుర్రాడు తెలివైనవాడే, కోడింగ్‌లో తప్పులేదు. ఆకు ఎందుకు వాలుతుందో మూడేళ్లలో అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

అందుకే ఆ పేరున్న కోర్సు ఏది కనిపించినా ముందు సిలబస్ తెరిచి చూడమంటాను. మొక్క లోపల పనులెలా జరుగుతాయో చెప్పే వృక్ష శరీరధర్మశాస్త్రం, అంటే ప్లాంట్ ఫిజియాలజీ, ఎన్ని సెమిస్టర్లు ఉంది? ప్రాక్టికల్స్‌లో బతికున్న మొక్క ఉందా, స్క్రీన్ మీద బొమ్మే ఉందా? చాలా చోట్ల ఒక్క పేపర్‌తో సరిపెట్టేస్తున్నారు. ఇప్పుడు వాడే సెన్సర్, ఇప్పుడు నేర్పే సాఫ్ట్‌వేర్ ఐదేళ్లకు పాతబడతాయి. పైథాన్ కోడింగ్, స్టాటిస్టిక్స్ మాత్రం తప్పకుండా నేర్చుకోవాలి, అందులో మీతో నాకు పేచీ లేదు. వాటిని బోటనీ చదువుతూ పక్కన నేర్చుకోవచ్చు. మొక్కను చదవడం మాత్రం అలా పక్కన పెట్టుకుని నేర్చుకునేది కాదు.

బోటనీ అంటే పూల బొమ్మలు గీసి, పేర్లు బట్టీ పట్టడమే అని మీరు అనుకుంటున్నట్టున్నారు. పురుగులను పట్టి తినే వీనస్ ఫ్లైట్రాప్ మొక్క సంగతి చూడండి. ఆకు లోపల ఉండే సన్నటి వెంట్రుకను పురుగు తాకితే ఒక విద్యుత్ సంకేతం పుడుతుంది. ఒక్కసారి తాకితే ఆకు మూసుకోదు. దాదాపు ఇరవై సెకన్లలోపు రెండోసారి తాకితేనే మూసుకుంటుంది. లోపల చిక్కిన పురుగు గింజుకుని ఐదుసార్లు దాకా తాకితే గానీ అరిగించే రసాల పని మొదలుకాదు. మెదడు లేని మొక్క లెక్కపెడుతోంది! దీన్ని చదవాలంటే ఫిజిక్స్ కావాలి, కెమిస్ట్రీ కావాలి, కాస్త లెక్కలూ కావాలి. లెక్కలంటే పడక బోటనీకి వెళతానంటే మాత్రం నేనే వద్దంటాను.

అమ్మాయిని కూడా ఒక మాట అడగాలి. మొక్కలకు నొప్పి తెలుస్తుంది, మన మనసు చదువుతాయి అనే వీడియోలు చూసి ఇటు మళ్లిందా? 1966లో క్లీవ్ బాక్‌స్టర్ అనే ఆయన మొక్కకు లై డిటెక్టర్ తగిలించి, మన ఆలోచనలు దానికి తెలుస్తాయని ప్రచారం చేశాడు. జాగ్రత్తగా మళ్లీ చేసి చూసిన శాస్త్రవేత్తలకు అదేమీ కనబడలేదు. నిజంగా కనబడినవి వేరే ఉన్నాయి. పురుగు కొరికిన ఆకు నుంచి కాల్షియం సంకేతం ఒక అలలా మిగతా ఆకులకు పాకడాన్ని 2018లో కెమెరాకు చిక్కించారు. దాన్ని రగిలించేది గ్లూటమేట్, మన నరాల్లోనూ కబుర్లు మోసే పదార్థమే. అంతమాత్రాన మొక్కకు నరాలున్నట్టు కాదు. ఆ తేడా వినగానే నిరుత్సాహపడితే ఇంకొంచెం ఆలోచించమనండి. మీరు పంపిన పేజీ చూశాక, ఆ తేడా విని ఇంకా ఉత్సాహపడే పిల్లేనని నాకు నమ్మకం.

ఉద్యోగాల మాట. ఒక్క బీఎస్సీ బోటనీతో ఆగిపోతే దారి ఇరుకే, మభ్యపెట్టను. పీజీ దాకా వెళ్లాలి. పరిశోధనకే వెళితే పీహెచ్‌డీ, ఆ పైన పోస్ట్‌డాక్ అనే మరికొన్నాళ్ల పరిశోధన కలిపి పదేళ్లు దాటుతుంది, అందరూ ప్రొఫెసర్లు కారు. కానీ విత్తన కంపెనీలు, కొత్త వంగడాలు తీసే సంస్థలు, టిష్యూ కల్చర్ ల్యాబ్‌లు, గ్రీన్‌హౌస్ సాగు, తెగుళ్ల నిర్ధారణ, వీటన్నిటికీ మొక్క తెలిసినవాళ్లు కావాలి. వరదలో మునిగిన వరి సంగతే తీసుకోండి. మునిగితే ఇథిలీన్ వాయువు బయటికి పోలేక మొక్కలోనే పేరుకుంటుంది. దాంతో మామూలు వరి నీటి పైకి రావాలని ఆత్రంగా సాగి, శక్తంతా ఖర్చయి చచ్చిపోతుంది. సబ్1ఏ జన్యువు ఉన్న వరి అదే కబురు అందుకుని, పెరుగుదల ఆపుకుని ఊపిరి బిగబట్టినట్టు రెండు వారాల దాకా ఉండగలదు. ఆ జన్యువు 2006లో బయటపడింది. తర్వాత దాన్ని స్వర్ణ లాంటి రకాల్లోకి ఎక్కించారు. నీళ్లలో మొక్క ఏం పసిగడుతుందని ఎవరో ఏళ్ల తరబడి చూస్తూ కూర్చోబట్టే ఆ వంగడం వచ్చింది.

పోలిక ఇంతే. డిగ్రీకి బోటనీ, దాంతోపాటు కెమిస్ట్రీ ఉన్న కోర్సు, పక్కన కోడింగ్. సెన్సర్లూ డ్రోన్లూ కావాలంటే పీజీలో చేరవచ్చు, అప్పటికి వాటితో ఏం కొలవాలో తనకే తెలుస్తుంది. ప్లాంట్ ఫిజియాలజీ గట్టిగా ఉన్న స్మార్ట్ అగ్రికల్చర్ కోర్సు దొరికితే అదీ పనికొస్తుంది, కానీ చేరాలో వద్దో తననే సిలబస్ చూసి చెప్పనివ్వండి.

అడ్మిషన్లకు ఇంకా టైముంది. ముందు ఆ కిటికీ దగ్గర కుండీలు మళ్లీ పెట్టించండి. ఈసారి చిక్కుడుతో పాటు మొక్కజొన్న గింజలు కూడా నానబెట్టమని చెప్పండి, గడ్డి జాతి కాబట్టి టోపీ ప్రయోగం దాంతో స్పష్టంగా తేలుతుంది. నేల చీల్చుకుని వచ్చే మొదటి మొన విచ్చుకోకముందే టోపీ పెట్టాలి. ఆ టోపీలు జారకుండా పెట్టడానికి రెండో చెయ్యి కావాలి, ఆ సాయం మీరు చేయండి.